మళ్ళీ పంపమని అడగండి

“ఇంకోసారి చదువు” అంది నిదియా.

“రెండుసార్లు చదివానమ్మా.”

“నా కళ్ళద్దాలకి గీతలు పడ్డాయి. నువ్వు చదువు.”

కళ్ళద్దాలు బాగానే ఉన్నాయి. అక్షరాలూ బాగానే కనిపిస్తున్నాయి. ఇంకొకరి నోట వింటే ఆ మాటలు ఏమైనా మారతాయేమోనని ఆమె ఆశ.

యోకాస్తా తడిచేతులు గౌనుకి తుడుచుకుని తల్లి చేతిలోంచి ఫోను తీసుకుంది. “‘ఈ వాయిస్ మీ ఫోనులో లేదు. పంపినవారిని మళ్ళీ పంపమని అడగండి.’ అంతే ఉంది.”

“పంపినవాణ్ణి అడగాలట.”

“అందరికీ అట్లాగే వస్తుందమ్మా. తమ్ముడి సంగతి దానికేం తెలుసు?”

“ఎక్కడికెళ్ళి అడగను? శ్మశానంలో వాడి సమాధి సున్నం గోడ తట్టి అడగనా? నాయనా రాదమేస్, మీ అక్క చెరిపేసింది, మళ్ళీ పంపరా అని?”

పొయ్యి మీద కందులు పొంగి మంట మీద పడి చుయ్యిమన్నాయి. మూత తియ్యడానికి ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

మర్నాడే రాదమేస్ ఏడాది జపం. వరండాలో అద్దె కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి పెట్టి ఉన్నాయి. ముందు గదిలో తెల్లగుడ్డ పరిచిన బల్ల, దాని మీద మరియమ్మ విగ్రహం, పక్కన ఇసుక లారీకి ఆనుకుని నవ్వుతున్న రాదమేస్ ఫొటో. ఆత్మకి దాహమేస్తుందని పెట్టే గ్లాసు నీళ్ళు ఇంకా పెట్టలేదు. అవి రేపు పెట్టాలి.

రేపటి కోసమే నిదియా ఆ వాయిస్‌ని ఏడాదిపాటు వినకుండా దాచుకుంది.

వినని వాయిస్ పక్కన మైకు బొమ్మ పచ్చగా ఉంటుంది. వింటే నీలంగా మారుతుంది. రోజూ పొద్దున్నే కాఫీ దించాక ఆమె కొడుకు పేరు నొక్కి, ఆ పచ్చబొమ్మని చూసి, మళ్ళీ మూసేసేది. ఏడాది జపం అయ్యాక, నల్లబట్టలు విప్పేశాక, మరియమ్మ ముందు కూచుని విని జవాబు చెప్తానని మొక్కుకుంది. ఇప్పుడు కూడా ఆ బొమ్మ పచ్చగానే ఉంది. వాయిస్ ఎంతసేపుందో చెప్పే అంకె కూడా ఉంది. నొక్కితే మాత్రం గొంతు రావడం లేదు.

“చెరిపెయ్యమని నీకు ఎవరు చెప్పారు?”

“నీ ఫోనే చెప్పింది” అంది యోకాస్తా. “రోజూ ఏడుస్తోంది కదా, చోటు లేదు, చోటు లేదని. రేపు జపం మాద్రిదులో ఉన్న పిన్నికి వీడియోలో చూపించాలన్నావు. కొంచెం తియ్యగానే ఆగిపోతోంది. మరి దేన్ని తీసెయ్యమంటావు?”

“ఆ పొద్దుటి బొమ్మలన్నీ ఉన్నాయిగా.”

“ఆ బొమ్మలు తీసేస్తానంటే ఒప్పుకున్నావా నువ్వు?”

నిదియా చెయ్యి చాపి ఫోను లాక్కుంది.

ఒప్పుకోలేదు. ఆ ఫోను నిండా ఊళ్ళోవాళ్ళు తెల్లారగానే పంపుకునే బొమ్మలే. పొగలు కక్కే కాఫీ కప్పు, గులాబీలు, వాటి వెనక మరియమ్మ, ఆమె చుట్టూ మెరిసే వెలుగు, కింద శుభోదయం. ఇంటి పక్క క్లారివెల్ ఒక్కతే రోజుకి అరడజను పంపుతుంది. వాటిని తీసేస్తానని యోకాస్తా అంటే, నిదియా ఆ ఫోనులో చెరిపేసే గుర్తు కేసి వేలు చూపించింది. అది చెత్తబుట్ట బొమ్మ. మరియమ్మని చెత్తబుట్టలో వేస్తావా అని అడిగింది. మట్టలాదివారం చర్చిలో ఇచ్చిన మట్టని ఎండాక కూడా కాల్చి బూడిద చేసి మొక్కల మొదట్లో పోస్తాం గానీ చెత్తలో వెయ్యమే, దేవుడి తల్లి ముఖాన్ని బుట్టలో పడేస్తావా అంది.

“బొమ్మల జోలికి పోనన్నాను, పోలేదు” అంది యోకాస్తా. “నువ్వే కదా, బొమ్మలు వద్దు, ఇంకేమైనా తీసెయ్ అన్నావు. వాయిస్‌లన్నీ ఒకచోట ఉన్నాయి. క్లారివెల్‌గారి మోకాళ్ళ నొప్పులు, చేపలవాడి ధరలు. అన్నీ నువ్వు విన్నవే కదా అనుకున్నాను.”

“అన్నీ విన్నవేనా?”

“అదొక్కటి అందులో ఉందని గుర్తుకు రాలేదమ్మా.”

“గుర్తుకు రాలేదు.”

“నన్నట్లా చూడకు.”

“నిన్ను చూడ్డం లేదు. ఆ కాఫీ కప్పుల్ని చూస్తున్నాను. అన్నీ క్షేమంగా ఉన్నాయి.”

యోకాస్తా లేచి వెళ్ళి పొయ్యి మంట తగ్గించింది. అటువైపు తిరిగే కళ్ళు తుడుచుకుంది. నిదియా అది చూసింది. చూసినా పలకరించలేదు.

*

మధ్యాహ్నం ఇద్దరూ అన్నాలు తినలేదు. పళ్ళేలు పెట్టుకున్నారు, తీసేశారు. సముద్రం మీంచి వచ్చే పొడిగాలికి రేకుల కప్పు టిక్కుటిక్కుమంటోంది.

నిదియా ఊగే కుర్చీలో కూచుంది గానీ ఊగడం లేదు.

కొడుకు పొద్దున్నే పంపే వాయిస్‌లు ఆమెకి కంఠస్థం. ఆ ఊళ్ళో పిల్లలు ఎంత పెద్దవాళ్ళయినా తల్లి కనబడగానే మొదట దీవెన అడుగుతారు. ఆ తరవాతే ఇంకో మాట. అడిగీ అడిగీ ఆ మాట అరిగిపోయి, రాదమేస్ నోట్లో “దీవెనమ్మా” కాస్తా “’వెనమ్మా” అయింది. లారీ తోలడం మొదలుపెట్టాక ఫోనులోనే అడిగేవాడు. అడిగి, ఆగేవాడు. అవతల తల్లి ఉన్నట్టూ, ‘దేవుడు నిన్ను దీవించుగాక’ అంటున్నట్టూ, ఆ మాటకి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, “ఆమెన్” అని, అప్పుడు చెప్పేవాడు ఎక్కడున్నాడో, ఏం తిన్నాడో. ఆ ఖాళీలో లారీ ఇంజను చప్పుడు ఒక్కటే వినిపించేది. నిదియా సరిగ్గా ఆ ఖాళీలో పైకే దీవించేది. తల్లీకొడుకులిద్దరూ ఫోనుని అట్లా మోసం చేసేవాళ్ళు.

తరవాత మిగ్దాలియా వచ్చింది. పెళ్ళయిన కొన్నాళ్ళకి రాదమేస్ భార్య వెంట సువార్త సంఘానికి వెళ్ళి, ఏటిలో మునిగి బాప్తిస్మం తీసుకుని, తడి ఆరని చొక్కాతో తిన్నగా తల్లి దగ్గరికి వచ్చాడు. ఇక మరియమ్మ ముందు మోకరించలేనమ్మా అన్నాడు. అబద్ధం ఆడడం చేతకాని పిల్లాడు.

నిదియా అప్పుడు పంపు దగ్గర బియ్యం కడుగుతోంది. “అయితే దీవెన కూడా మీ పాస్టరునే అడుగు” అంది.

అతను గేటు దగ్గర ఆగి, అలవాటుగా, “’వెనమ్మా” అన్నాడు. ఆమె బియ్యం కడుగుతూనే ఉంది. తెల్లటి నీళ్ళు పోయి, తేటనీళ్ళు వచ్చి, ఇక కడగడానికేమీ లేకపోయినా కడిగింది. గేటు గడియ పడిన చప్పుడు విన్నాకే పంపు కట్టేసింది.

ఆ తరవాత కూడా అతను వాయిస్‌లు మానలేదు. ఆమె వినేది. ఖాళీ వచ్చినప్పుడు పళ్ళు బిగించేది. ఆఖరిది ఎప్పటికంటే పొడుగ్గా ఉంది. పొడుగు చూసి, పాస్టరు మాటలేవో నేర్చుకొచ్చి ఉంటాడని విసుక్కుని, సాయంత్రం వింటాలే అని పక్కన పెట్టింది. సాయంత్రమయ్యేసరికి ఇల్లంతా జనం. లారీని రోడ్డు పక్కన ఒద్దికగా ఆపి, చెయ్యిబ్రేకు వేసి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఉన్నాడట. గుండె ఆగిందన్నారు డాక్టర్లు.

ఆ ఆఖరి వాయిస్‌లో దీవెన అడిగాడో లేదో ఆమెకి తెలియదు. అడక్కుండా మానేసి ఉంటే, కొడుకు తనని వదులుకుని వెళ్ళినట్టు. అడిగి ఉంటే, తను ఇవ్వకుండా పంపినట్టు. ఏడాదిపాటు ఆమె ఈ రెంటి మధ్యే తిరిగింది.

హఠాత్తుగా కుర్చీ కదిలింది.

“వాడి ఫోనులో ఉంటుంది” అంది నిదియా.

యోకాస్తా గ్లాసులు తుడుస్తోంది. గుడ్డ ఆగిపోయింది.

“పంపినవాడి ఫోనులో కూడా ఉంటుంది కదా. నాకు పంపినంత మాత్రాన వాడి దగ్గర పోదుగా.”

“వాడి ఫోను మిగ్దాలియా దగ్గరుందమ్మా.”

“తెలుసు.”

“తొమ్మిది రోజుల జపంలో ఆమెని నువ్వు ఏమన్నావో ఆమె మర్చిపోయి ఉండదు. చనిపోయినవాళ్ళ కోసం మేం జపం చెయ్యమండీ అంటే, అయితే నా కొడుకు నీకు చచ్చిన కుక్కా అన్నావు. ఆ రోజే కుటుంబం గ్రూపులోంచి వెళ్ళిపోయింది.”

“ఆ మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది. నా చెప్పులేవి?”

“అమ్మా, నువ్వు వద్దు. నేను వెళ్తాను.” యోకాస్తా గ్లాసు కింద పెట్టేసింది. “నేనే వెళ్ళి ఆమె చేత నీకు పంపిస్తాను. నువ్వు ఇక్కడే కూచో. నిమిషంలో వస్తుంది.”

“నువ్వా?”

“పోనీ రేపు జపం అయ్యాక ఇద్దరం వెళ్దాం. ఇవాళ వద్దు. నీకు రక్తపోటు. ఎండ.”

“ఎండ నాకు కొత్తా?”

“ఆ ఫోను తెరవకమ్మా” అంది యోకాస్తా. ఆ మాట ఆమె అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. వెంటనే గొంతు తగ్గించింది. “అంటే… చనిపోయినవాడి ఫోను. అందులో ఏవేవో ఉంటాయి. భార్యాభర్తల మాటలుంటాయి.”

నిదియా కూతురి ముఖం కేసి కాసేపు చూసింది. మరదలి గుమ్మం తొక్కాలంటే దీనికి నామోషీ, అంతే అనుకుంది.

“చెరిపినదాని చేత తెప్పించుకోను” అని చెప్పులు వేసుకుంది.

*

వీధి మొదట్లో మనుషుల్ని దింపే మోటారు సైకిలువాడు ఆమె నల్లగౌను చూసి రేడియో కట్టేశాడు. “రేపటితో నలుపు తీసేస్తారుగా, దోన్యా నిదియా?” అన్నాడు దారిలో, పెద్దావిడని దోన్యా అనే మర్యాదతో. “చూద్దాం” అంది ఆమె.

మిగ్దాలియా ముందు గదిలోనే అందరికీ జుట్టు చుట్టి ఆరబెడుతుంది. ఉన్నది ఒకటే ఆరబెట్టే యంత్రం. దాని గిన్నె కింద తలనిండా చుట్టలతో దోన్యా ఇలూమినాడా కూచుని ఉంది. యంత్రం హోరుకి ఏమీ వినిపించక, “ఎవరది మిగ్దాలియా? నీళ్ళ లారీనా?” అని అరిచింది.

“కాదండీ. మా అత్తగారు” అంది మిగ్దాలియా. ఆ మాట మామూలు గొంతుతో అంది, కాబట్టి దోన్యా ఇలూమినాడా వినలేదు.

మిగ్దాలియా సన్నబడింది. భుజం మీద పాప. పాపకి అయిదో నెలో ఆరో నెలో ఉంటుంది. రాదమేస్ పోయాక పుట్టిన పిల్ల. పుట్టిందని నిదియా చేపలవాడి ద్వారా విన్నది. నాకు కబురు చెయ్యలేదు, నేనెందుకు వెళ్ళాలి అనుకుంది. ఇప్పుడా పిల్ల మెడ వెనక జుట్టు సుడి తిరిగి కనిపించింది. ఆ సుడి ఆమెకి తెలుసు.

“జపానికి పిలవడానికొస్తే, నేను రాను” అంది మిగ్దాలియా. “మీకు ముందే చెప్పాను. మళ్ళీ కొత్తగా తిట్లు ఎందుకు?”

“తిట్టడానికి రాలేదు. పిలవడానికీ రాలేదు.”

“మరి?”

“ఆ రోజు అన్న మాటకి… అది నా నోరు కాదు. అంటే, నా నోరే. తప్పు మాట.”

మిగ్దాలియా పాపని ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకుంది. “కూచోండి.”

“వాడి ఫోను నీ దగ్గర ఉందా?”

“ఉంది. ఛార్జింగు పెడుతుంటాను. దేనికి?”

“నాకు పంపిన ఆఖరి వాయిస్. నా దగ్గర పోయింది. యోకాస్తా పొరపాటున చెరిపేసింది. ఒక్కసారి…” నిదియా గొంతు తగ్గింది. “మళ్ళీ పంపమని అడగమంది ఫోను.”

మిగ్దాలియా నవ్వింది. అది మంచి నవ్వు కాదు.

“ఆ వాయిస్సా. అదా ఇప్పుడు కావలసింది మీకు? దాని కోసం ఇంత దూరం వచ్చారు. అందులో చెప్పిన బిడ్డ కోసం మాత్రం రాలేదు.”

“ఏ బిడ్డ?”

“ఏ బిడ్డా?” మిగ్దాలియా పాప వీపు తడుతున్న చెయ్యి ఆపింది. “దోన్యా నిదియా, మీరు వయసులో పెద్దవాళ్ళు. నేనొక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. దీవించి మరీ ఎట్లా వదిలేశారు? దీవించకపోతే అదో దారి. ఆవిడ మనసు రాయి అనుకుని ఊరుకునేదాన్ని. నా పురుడప్పుడు ఎంత చూశానో తెలుసా మీ కోసం? గేటు చప్పుడైతే చాలు, లేచి కూచునేదాన్ని. పాపకి మీ పేరు పెట్టాలన్నాడు. పేరు రాయించడానికి ఆఫీసుకెళ్ళినప్పుడు కూడా బయట బల్ల మీద మధ్యాహ్నం దాకా కూచున్నాను. చివరికి ఎస్తేర్ అని రాయించి వచ్చాను.”

“మిగ్దాలియా, నాకేమీ అర్థం కావడం లేదు.”

“ఉండండి, తెస్తాను. మీరు పంపిందే కదా అది?”

లోపలికి వెళ్ళి ఫోను తెచ్చింది. అద్దం మూల పగిలిన రాదమేస్ ఫోను. తెరిచి, అతను తల్లికి పంపినవన్నీ చూపించింది. ‘అమ్మ’ అని ఉంది పైన. ఒకదాని కింద ఒకటి వాయిస్‌లు, వాటికి జవాబు లేదు. అట్టడుగున ఆ పొడుగాటిది. దాని కింద జవాబుంది.

బంగారు అక్షరాల స్టిక్కరు. రెండు పావురాలు, మధ్యలో మెరిసే గుండె. ‘దేవుడు నిన్ను దీవించుగాక, నా బంగారు కొడుకా.’

నిదియా దాన్ని చూసింది. జవాబు వచ్చింది తన ఫోను నుంచే. ఆ పొద్దుటే. తన ఫోనులో మాత్రం ఆ పొడుగాటి వాయిస్ కింద ఏమీ లేదు. ఏడాదిగా రోజూ చూసిన చోటు అది. అక్కడ ఏమీ లేదు.

“ఇది చూసి నాకు ఫోను చేశాడు” అంది మిగ్దాలియా. “లారీ పక్కకి తీసి మరీ చేశాడు. ‘అమ్మ దీవించింది, నన్నూ, కడుపులో ఉన్నదాన్నీ’ అన్నాడు. ఏడుస్తున్నాడు. మొగాడు నడిరోడ్డు మీద ఏడిస్తే ఎవరైనా చూస్తారు, ఊరుకో అన్నాను. అదే ఆఖరు. ఆ తరవాత లారీ కదలలేదు. మీరంటే ఎంత కోపం వచ్చినా, ఈ ఒక్క దానికి మాత్రం రోజూ దేవుడికి స్తోత్రం చెప్తాను. అతను దీవెనతో పోయాడు.”

‘ఆ ఫోను తెరవకమ్మా.’ కూతురి గొంతు నిదియా చెవిలో మళ్ళీ పలికింది. నామోషీ కాదు అది.

తన ఫోను తెరవడానికి తెర మీద గీసే గీత యోకాస్తాకి తెలుసు. తమ్ముడు రోజూ అడగడం, తల్లి పళ్ళు బిగించడం చూసింది. వాయిస్ విప్పితే మైకు నీలమవుతుందని విప్పలేదు. వినకుండానే, ఏం అడిగాడో తెలియకుండానే, ఊరందరూ పంపుకునే బొమ్మల్లోంచి ఒకటి ఏరి, తల్లి పేరు మీద పంపేసి, తల్లికి కనబడకుండా ఇటు చెరిపేసింది.

“పెట్టు” అంది నిదియా. “నాకు… ఒక్కసారి వినిపించు.”

మిగ్దాలియా నొక్కబోయింది. అదే క్షణంలో కరెంటు పోయింది. యంత్రం హోరు ఒక్కసారిగా ఆగిపోయి గది నిశ్శబ్దమైపోయింది. “పోయిందా దిక్కుమాలిన కరెంటు” అని గిన్నె కిందినుంచి దోన్యా ఇలూమినాడా మొదలుపెట్టి, ఎదురుగా నల్లగౌనులో ఉన్న మనిషిని చూసి, మిగతాది మింగేసింది.

ఆ నిశ్శబ్దంలో రాదమేస్ గొంతు వచ్చింది.

“’వెనమ్మా.”

తరవాత ఖాళీ. ఇసుక పారల చప్పుడు. లారీ ఇంజను.

నిదియా పెదవులు కదిలాయి. ఏడాదిపాటు సిద్ధం చేసి పెట్టుకున్న మాట. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, నల్లబట్టలు విప్పి చెప్పాలనుకున్న మాట. గొంతు దాటి రాలేదు. పారలు ఇసుకని తోడుతున్నాయి. ఖాళీ ఇంకా ఉంది. ఇంకా ఉంది. ఆమె నోరు తెరిచింది.

“ఆమెన్” అన్నాడు రాదమేస్.

“అమ్మా, చప్పుడుకి ఏమనుకోకు, లోడు నింపుతున్నారు. నీకు ముందు చెప్పాలని మిగ్దాలియా చేత ఒట్టు వేయించాను, ఇంకెవరికీ చెప్పొద్దని. మాకు బిడ్డ పుట్టబోతోంది. నాతో మాట్లాడకపోతే పోనీలే. బిడ్డకి దీవెన ఇవ్వు. ఆడపిల్లయితే నీ పేరే. నీ మరియమ్మ దగ్గరికి నేనే తీసుకొస్తాను, పాస్టరుగారు ఏమన్నా సరే. నేను గుమ్మం బయట నిలబడతాను, నువ్వు లోపలికి తీసుకెళ్ళు. సరేనా? సరే. ఆదివారం కందులన్నం వండితే నాక్కూడా ఉంచు. అడుగంటింది ఉంచు.”

అయిపోయింది. దోన్యా ఇలూమినాడా చుట్టల తలతో శిలువ గుర్తు వేసుకుంది.

“ఇంకోసారి” అంది నిదియా.

మిగ్దాలియా మళ్ళీ నొక్కింది. మళ్ళీ “’వెనమ్మా.” మళ్ళీ ఖాళీ. ఈసారి నిదియా ముందే నోరు తెరుచుకుని కాచుకుంది. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. “ఆమెన్” అన్నాడు అతను, అందినట్టుగానే.

మూడోసారి ఆమె అడగలేదు. మిగ్దాలియా కూడా నొక్కలేదు. ఆమె అత్తగారి ముఖాన్ని చూస్తోంది. తరవాత ఫోను కేసి చూసింది. దాన్ని కిటికీ వెలుగులోకి తిప్పింది.

“ఈ మైకు బొమ్మ బూడిదరంగులోనే ఉంది” అంది మెల్లిగా. “మీరు విన్న మిగతావన్నీ నీలం. ఇదొక్కటే ఇట్లా ఉంది. ఏడాదిగా చూస్తున్నాను. ఆ రోజు సిగ్నలు సరిగ్గా లేదేమో అనుకున్నాను.”

నిదియా తల ఎత్తలేదు.

“మీరు దీన్ని వినలేదు.”

“లేదు.”

“ఇదే మొదటిసారి.”

“ఇదే.”

“అయితే ఈ స్టిక్కరు…”

ఒక్క మాట చాలు. వినకుండా పంపానమ్మా, వాడు అడిగేది అదే కదా, తెలిసే పంపాను అంటే చాలు. ఈ పిల్ల నమ్ముతుంది. నమ్మాలనే చూస్తోంది. వాడు దీవెనతో పోయినవాడుగానే ఉంటాడు ఈ ఇంట్లో. యోకాస్తా పేరు బయటికి రాదు. పాప భుజం మీద కదిలి, ముఖం ఇటు తిప్పి, పరాయి ముసలామెని చూసినట్టు నిదియాని చూసింది.

దీవెన విషయంలో అబద్ధం ఆడితే ఆ అబద్ధం పిల్లలకి తగులుతుందని నిదియాకి ఆమె తల్లి చెప్పింది.

“నేను కాదు” అంది నిదియా.

మిగ్దాలియా ఫోను ఆపి, గౌను జేబులో వేసుకుంది. పాపని రెండు చేతులా దగ్గరికి తీసుకుంది, ఎవరో లాక్కుంటారన్నట్టు. పాప నెత్తి మీద గడ్డం ఆనించి, తనలో తను అనుకున్నట్టు అంది.

“అయితే అతను ఎవరి దీవెన తీసుకుని పోయాడు?”

నిదియా చేతిలో ఉన్న ఫోను గుర్రుమంది. యోకాస్తా రాసింది: ‘దొరికిందా అమ్మా? పంపించమను. ఇప్పుడు నీ ఫోనులో చాలా చోటుంది.’

ఆమె దాన్ని దాచుకోబోయేలోపే మిగ్దాలియా ఆ పేరు చూసింది. తెర మీద పేరునీ, అత్తగారు దాన్ని అరచేత్తో కప్పిన తీరునీ చూసింది. ఆమె కళ్ళు కొంచెం చిన్నవయ్యాయి.

“మీ ఫోను తెరవడం ఆవిడకి తెలుసు కదూ” అంది.

కరెంటు వచ్చింది. యంత్రం మళ్ళీ హోరుమంది. దోన్యా ఇలూమినాడా బతుకుజీవుడా అని గిన్నె కిందికి తల దూర్చింది.

నిదియా లేచింది. గుమ్మం దాకా వెళ్ళాక వెనకనుంచి ఒక మాట వినిపించింది. ఏడాదిగా ఆ మాట మిగ్దాలియా నోట వినాలనే ఆమె కోరుకుంది. జపమాల తిప్పుతూ అడిగింది, మరియమ్మని బతిమాలింది.

“రేపు జపం ఎన్ని గంటలకి?”

నిదియా గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. “సాయంత్రం. ఎండ తగ్గాక.”

“అందరూ వస్తారా?”

“వస్తారు.”

“యోకాస్తా కూడా ఉంటుందిగా?” అంది మిగ్దాలియా.